నలభై రోజుల అరువు... తప్పితే నూటికి నాలుగు రూపాయల వడ్డీ

క్రెడిట్ కార్డులతో సరుకు తెస్తున్న చిల్లర వర్తకులు తెలుసుకోవలసిన సంగతులు

పల్లెలో చిల్లర కొట్టు పెట్టుకున్న మనిషికి టోకు షావుకారు దగ్గర అరువు పుట్టడం ఏనాడూ తేలిక కాదు. విజయవాడ వస్త్రలతకు వెళ్ళినా, హైదరాబాద్ బేగంబజారుకు వెళ్ళినా ముఖ పరిచయం లేనివాడికి డబ్బు చేతిలో పడితేనే మూట కదులుతుంది. పండుగ ముందు సరుకు దింపాలంటే పెట్టుబడి కావాలి. ఒకప్పుడు దానికోసం ఊళ్ళో నోటు రాసి, నూటికి రెండు మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకునేవారు. అదీ దొరకకపోతే రోజువారీ ఫైనాన్సు వాళ్ళ దగ్గరకు వెళ్ళేవారు. ఇప్పుడు అటువంటి వారిలో కొందరి జేబుల్లో క్రెడిట్ కార్డులు ఉంటున్నాయి. కిరాణా కొట్టువారు, దర్జీలు, ఇంటింటికీ తిరిగి చీరలు అమ్మే మహిళలు, సెల్‌ఫోన్లు బాగుచేసేవారు సైతం కార్డు గీకి సరుకు తెస్తున్నారు.

ఇందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. బిల్లు మొత్తాన్ని గడువులోగా కట్టగలిగిన వర్తకుడికి ఇంతకన్నా చౌకైన అరువు మరొకటి లేదు. హామీ సంతకం అక్కరలేదు, పుస్తెలతాడు తాకట్టు పెట్టనక్కరలేదు, వడ్డీ లేదు. చిక్కంతా గడువు తప్పిన నాటినుంచే మొదలవుతుంది. ఆ చిక్కు ఎంత లోతో కార్డు ఇచ్చేటప్పుడు చెప్పేవారు తక్కువ. చిక్కులో పడ్డవారికి చట్టం ఇచ్చిన రక్షణలు ఏమిటో చెప్పేవారు ఇంకా తక్కువ.

తెలుగువారికి క్రెడిట్ కార్డు కొత్తదేమీ కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు ప్రవేశపెట్టింది. దేశంలో ఈ పనికి ముందుగా పూనుకున్న బ్యాంకుల్లో అది ఒకటి. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. అప్పట్లో కార్డు ఉద్యోగస్థుల, పెద్ద వర్తకుల వస్తువు. 2022 నుంచి రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి జతచేసుకునే సదుపాయం వచ్చిన తర్వాత సంగతి మారింది. గీకే మిషను లేని దుకాణంలో సైతం గోడమీద అంటించిన క్యూఆర్ బొమ్మను ఫోనుతో చూపి కార్డు అప్పు వాడవచ్చు. చేతినుంచి నోటు కదలదు కనుక, అప్పు చేస్తున్నామన్న స్పృహ కూడా కలగదు.

బిల్లు తేదీ ఒకటి, గడువు తేదీ మరొకటి

ప్రతి కార్డుకూ నెలలో ఒక బిల్లు తేదీ ఉంటుంది. ఆనాటివరకు వాడిన మొత్తానికి బిల్లు వస్తుంది. దాదాపు ఇరవై రోజుల తర్వాత గడువు తేదీ. ఈ రెండు తేదీలు తెలియకుండా కార్డుతో వ్యాపారం చేయడమంటే పంచాంగం చూడకుండా ముహూర్తం పెట్టడమే.

ఒక వర్తకుడి కార్డుకు ప్రతి నెలా 20వ తేదీ బిల్లు, వచ్చే నెల 10వ తేదీ గడువు అనుకుందాం. అతడు అక్టోబరు 19న సరుకు కొంటే మర్నాడే బిల్లులో చేరిపోతుంది. నవంబరు 10కల్లా కట్టాలి. అంటే 22 రోజుల అరువు. అదే సరుకు రెండు రోజులు ఆగి 21న కొంటే నవంబరు 20 బిల్లులో వస్తుంది, డిసెంబరు 10వరకు గడువు. అంటే 50 రోజులు. దుకాణం అదే, ధర అదే, కార్డు అదే. రెండు రోజుల తేడాతో నాలుగు వారాల గడువు కలిసివచ్చింది. రు.40,000 సరుకుకు ఊళ్ళో నూటికి రెండు రూపాయల వడ్డీ లెక్కన నెలకు రు.800 అవుతుంది. ఆ డబ్బు మిగిలినట్టే. వ్యాపారానికి తగినట్టు బిల్లు తేదీని మార్చుకునే అవకాశాన్ని కనీసం ఒక్కసారైనా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధనల్లో ఉంది. అడిగితేనే ఇస్తారు సుమా.

కొన్ని టోకు దుకాణాల్లో కార్డు గీకితే నూటికి రెండు రూపాయలు అదనంగా అడుగుతారు. అది ఇచ్చేపనైతే ఆ రెండు రూపాయలే వడ్డీ అనుకుని లెక్క వేసుకోవాలి. పంచదార, నూనె వంటి సరుకులో నూటికి మూడు నాలుగు రూపాయలు మిగిలితే చాలుననుకునే కొట్టుకు అది చిన్న మొత్తం కాదు.

‘కనీసం’ కట్టితే ఏమవుతుంది?

బిల్లులో రెండు అంకెలు ఉంటాయి. ఒకటి మొత్తం బాకీ, రెండవది కనీసం చెల్లించవలసిన మొత్తం. రు.40,000 బిల్లుకు కనీసం రు.2,000 అని ఉంటుంది. ‘రెండు వేలు కట్టేస్తే ఈ నెలకు గండం గడిచినట్టే’ అనుకుంటారు. గడిచేది ఆలస్య రుసుము గండం మాత్రమే.

చాలా కార్డులమీద వడ్డీ నెలకు మూడున్నర శాతం, కొన్నింటిమీద అంతకన్నా కాస్త ఎక్కువ. పల్లె లెక్కలో చెప్పాలంటే నూటికి మూడున్నర రూపాయలు. ఆ వడ్డీమీద 18 శాతం జీఎస్టీ. రెండూ కలిపితే నూటికి నాలుగు రూపాయల పైచిలుకు. ఊళ్ళో ఈ రేటుకు అప్పిచ్చేవాణ్ణి జనం మంచిపేరుతో పిలవరు.

అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. పూర్తి బాకీ కట్టకపోతే వడ్డీ గడువు తేదీ నుంచి కాదు, సరుకు కొన్న తేదీ నుంచే పడుతుంది. పై వర్తకుడు అక్టోబరు 5న రు.40,000 సరుకు కొన్నాడనుకుందాం. నవంబరు 10న కనీసం రు.2,000 కట్టాడు. నవంబరు 20న బిల్లు వచ్చేసరికి 36 రోజులకు రు.40,000 మీద, ఆపైన 10 రోజులకు రు.38,000 మీద వడ్డీ పడుతుంది. ఏటికి 42 శాతం లెక్కన అది దాదాపు రు.2,094. జీఎస్టీ రు.377. వెరసి బాకీ రు.40,471. అంటే రెండు వేలు కట్టిన తర్వాత బాకీ మొదటికన్నా రు.471 పెరిగింది! కనీసం కట్టే మొత్తం బాకీని పెంచే తీరులో ఉండరాదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉన్నందున రెండో నెలనుంచి వడ్డీ కూడా కలిపి కనీస మొత్తం వేస్తారు. అసలు మాత్రం నత్త నడక నడుస్తుంది.

పాత బాకీ మిగిలి ఉన్నంతకాలం కొత్తగా కొన్న సరుకుకు కూడా ఉచిత గడువు ఉండదు. ఈ ఉదయం కొన్న సబ్బుల పెట్టెకు ఈ పూటనుంచే వడ్డీ. వారం వారం సరుకు తిప్పే కొట్టుకు ఇది గొడ్డలిపెట్టు. అందుచేత బాకీ పడిన కార్డును పూర్తిగా తీర్చేవరకు దానితో సరుకు తేకుండా ఉండడమే తెలివైన పని. పూర్తిగా కట్టలేని పరిస్థితి వస్తే బ్యాంకును అడిగి నెలసరి వాయిదాలుగా మార్పించుకోవచ్చు. వాయిదాలకూ వడ్డీ ఉంటుంది కాని సాధారణంగా ఈ నూటికి మూడున్నర కంటే తక్కువ. సంతకం పెట్టేముందు రేటు ఎంతో, రుసుము ఎంతో అడిగి రాసుకోవాలి.

ఏటీఎంలో కార్డు పెట్టి నగదు తీయడం మరీ నష్టం. నగదుకు ఒక్కరోజు కూడా ఉచిత గడువు లేదు. తీసినందుకు నూటికి రెండున్నర రూపాయల వంతున, కనీసం రు.300 నుంచి రు.500 వరకు చాలా బ్యాంకులు రుసుము వేస్తాయి. రు.10,000 తీసి నెల తర్వాత కట్టితే రుసుము రు.500, వడ్డీ రు.350, వాటిమీద పన్ను రు.153. మొత్తం రు.1,003. నూటికి పది రూపాయల వడ్డీ అన్నమాట. కాల్‌మనీ వాళ్ళు ఇంతకన్నా ఏం చేస్తారు?

ఇది తెలిసినవారు కొందరు మరో దారి పట్టారు. సరుకు కొనకుండానే కొన్నట్టు కార్డు గీకి, నూటికి రెండు మూడు రూపాయలు పట్టుకుని నగదు ఇచ్చే దుకాణాలు పట్టణాల్లో వెలిశాయి. నెలనెలా రు.40,000 ఇలా తిప్పితే నూటికి రెండున్నర లెక్కన ఏడాదికి రు.12,000 కమీషనుకే పోతుంది. పైగా ఇది కార్డు షరతులకు విరుద్ధం. లేని కొనుగోలుకు బిల్లు పుట్టించడమే కనుక, బ్యాంకు పసిగడితే కార్డు రద్దవుతుంది. తర్వాత ఏ ఫిర్యాదుకైనా చేతులు కట్టేసుకున్నట్టే. బావమరిదికో, పక్క కొట్టువాడికో కార్డు చేబదులు ఇవ్వడం కూడా అంతే. అవతలివాడు కట్టకపోతే బాకీ కార్డుమీద పేరున్నవాడిదే.

ముప్పై శాతం గీత చెరిగిపోయింది

ఇంత వడ్డీ వేయడానికి అడ్డు లేదా అన్న ప్రశ్న సహజం. ఒకప్పుడు ఉండేది, అదీ కాగితంమీద. ఏటికి 30 శాతానికి మించి కార్డు వడ్డీ వేయడం అనుచిత వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008 జూలైలో తీర్పు చెప్పింది. బ్యాంకులు సుప్రీంకోర్టుకు వెళ్ళి స్టే తెచ్చుకున్నాయి. కేసు ఏళ్ళ తరబడి నలిగింది. చివరికి 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. వడ్డీ రేట్ల నియంత్రణ రిజర్వు బ్యాంకు పనే తప్ప కమిషన్ పని కాదని స్పష్టం చేసింది. రిజర్వు బ్యాంకు కార్డు వడ్డీకి ఇంత అని అంకె పెట్టలేదు. మితిమీరి ఉండరాదని, ముందే తెలియజేయాలని మాత్రమే చెప్పింది.

కాబట్టి రేటు ఎక్కువన్న ఒక్క కారణంతో గెలవడం కష్టం. అయితే రేటును వదిలేస్తే మిగతా విషయాల్లో కార్డుదారుకు ఉన్న హక్కులు తక్కువేమీ కాదు. 2022లో రిజర్వు బ్యాంకు జారీచేసిన కార్డుల నిబంధనలు చాలా నిక్కచ్చిగా ఉన్నాయి. వాటిని చదివిన కార్డుదారు కనబడడం మాత్రం అరుదు.

అడగకుండా కార్డు పంపరాదు. పంపి, దానిమీద రుసుము వేస్తే, వేసిన మొత్తాన్ని వెనక్కి తీసుకోవడమే కాక దానికి రెట్టింపు జరిమానాగా కార్డుదారుకు చెల్లించాలి. అడిగి తీసుకున్న కార్డును 30 రోజులవరకు వాడకుండా ఉంచితే ఓటీపీ ద్వారా సమ్మతి అడగాలి. సమ్మతి ఇవ్వకపోతే ఏడు పనిదినాల్లో ఖర్చు లేకుండా మూసివేయాలి. సమ్మతి లేకుండా అప్పు పరిమితి పెంచరాదు. రుసుములు మార్చాలంటే కనీసం నెల ముందు నోటీసు ఇవ్వాలి. కార్డుతోపాటు బీమా అంటగట్టాలన్నా స్పష్టమైన సమ్మతి ఉండాలి. సంతలో గొడుగు కింద బల్ల వేసుకుని ‘జీవితకాలం ఉచితం’ అంటూ ఫారాలమీద సంతకాలు పెట్టించుకునేవారి దగ్గర ఇవన్నీ గుర్తుంచుకోవాలి.

కార్డు వద్దనుకుంటే, బాకీ అంతా తీర్చి మూసివేయమని రాసి ఇచ్చిన ఏడు పనిదినాల్లో బ్యాంకు మూసివేయాలి. ఆలస్యం చేస్తే రోజుకు రు.500 వంతున కార్డుదారుకు చెల్లించాలి. ఈ ఒక్క నిబంధన చూపిస్తే చాలు, ‘మళ్ళీ ఫోను చేయండి’ అంటూ తిప్పించే సిబ్బంది స్వరం మారుతుంది.

గడువు తేదీ దాటి మూడు రోజులకు పైగా బాకీ మిగిలితేనే ఆలస్య రుసుము వేయాలి. ఆ రుసుము కూడా కట్టని మొత్తంమీదే వేయాలి తప్ప బిల్లు మొత్తంమీద కాదు. కట్టకుండా మిగిలిన రుసుములను, పన్నులను అసలులో కలిపి వాటిమీద మళ్ళీ వడ్డీ వేయరాదు. బిల్లులో పద్దు తప్పని ఫిర్యాదు చేస్తే 30 రోజుల్లోగా ఆధారాలతో సంజాయిషీ ఇవ్వాలి.

ఇక్కడ చిరువ్యాపారికి ప్రత్యేకంగా ఒక చిక్కు ఉంది. ఇంటి అవసరాల కోసమని ఇచ్చిన కార్డుతో కొట్టు సరుకు తేవడాన్ని అనేక బ్యాంకుల షరతులు ఒప్పుకోవు. ఒకే టోకు దుకాణంలో నెలనెలా పెద్ద మొత్తాలు గీకితే కార్డును ఆపివేయవచ్చు. వ్యాపార ఖర్చులకు వేరే బిజినెస్ కార్డులు ఇవ్వడానికి ఆ నిబంధనల్లోనే వీలుంది. కొట్టుకు ఒక కార్డు, ఇంటికి ఒక కార్డు పెట్టుకుంటే లెక్కలూ తేలతాయి. లేకుంటే పిల్లల ఫీజు, పప్పుల బస్తా ఒకే బిల్లులో కలిసి, కొట్టు లాభంలో ఉందో నష్టంలో ఉందో యజమానికే అంతుపట్టదు.

డబ్బు మాయమైతే

కార్డునుంచి తెలియకుండా డబ్బు పోతే ఎవరు భరించాలి అన్నదానికి 2017 జూలైలో రిజర్వు బ్యాంకు లెక్క తేల్చింది. బ్యాంకు లోపంవల్ల పోతే కార్డుదారు పైసా కట్టనక్కరలేదు. బ్యాంకు తప్పూ కార్డుదారు తప్పూ లేకుండా మధ్యలో ఎక్కడో మోసం జరిగితే, సమాచారం అందిన మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేసినవారికి నష్టం లేదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో చేస్తే, రు.5 లక్షలలోపు పరిమితి ఉన్న కార్డుకు నష్టం రు.10,000కు మించదు. అంతకన్నా ఆలస్యమైతే బ్యాంకు తన విధానం ప్రకారం నడుచుకుంటుంది. ఫిర్యాదు అందిన పది పనిదినాల్లో ఆ మొత్తాన్ని ఖాతాలో తాత్కాలికంగా జమ చేయాలి. తప్పు కార్డుదారుదే అని రుజువు చేయవలసిన భారం బ్యాంకుదే.

అయితే ఓటీపీ చెప్పేసినవారికి ఈ రక్షణ వర్తించదు. ‘మీ కార్డు పాయింట్లు ఈ రాత్రికి రద్దవుతున్నాయి’, ‘మీ పరిమితి రెండు లక్షలకు పెంచుతున్నాం’ అంటూ చక్కని తెలుగులో మాట్లాడి ఓటీపీ రాబట్టే ముఠాలు ఉన్నాయి. చెప్పినందువల్ల పోయిన డబ్బు, బ్యాంకుకు ఫిర్యాదు చేసేవరకు, పోగొట్టుకున్నవారి నెత్తినే పడుతుంది. ఫిర్యాదు చేసిన తర్వాత పోయినది బ్యాంకు భరించాలి. కాబట్టి సిగ్గుపడి దాచిపెట్టిన ప్రతి గంటా నష్టమే. వెంటనే బ్యాంకుకు చెప్పి కార్డు ఆపించి, 1930 నంబరుకు ఫోను చేయాలి. బ్యాంకు ఇచ్చే ఫిర్యాదు నంబరు, వేళ రాసి పెట్టుకోవాలి.

గుమ్మంలోకి వసూలుదార్లు వస్తే

అప్పు వసూలు పేరిట జరిగే వేధింపులు ఈ ప్రాంతానికి తెలియనివి కావు. 2010లో సూక్ష్మరుణాల వసూళ్ళతో పల్లెలు అట్టుడికినప్పుడు నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అక్టోబరులో ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. కార్డు బాకీలకు వేరే నిబంధనలు ఉన్నాయి. ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 గంటల తర్వాత వసూలుదార్లు ఫోను చేయరాదని 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. తిట్టడం, బెదిరించడం, నలుగురిలో పరువు తీయడం, కుటుంబ సభ్యులను, స్నేహితులను వేధించడం నిషిద్ధం. ఏజెంటు చేసినదానికి బ్యాంకే బాధ్యత వహించాలి.

‘పోలీసులు వచ్చి పట్టుకుపోతారు’ అన్న బెదిరింపుకు చాలామంది హడలిపోతారు. కార్డు బాకీ కట్టలేకపోవడం సివిల్ వ్యవహారం. అంతమాత్రాన అరెస్టు ఉండదు. దొంగపత్రాలు పెట్టినా, ఇచ్చిన చెక్కు చెల్లకపోయినా అది వేరే సంగతి. కార్డుదారు చనిపోతే అతడు వదిలిపోయిన ఆస్తి మేరకే వారసులు బాకీకి బాధ్యులు. ఆస్తి ఏమీ లేకపోతే, హామీ సంతకం చేయని భార్య తన రెక్కల కష్టంతో తీర్చాలని అడిగే హక్కు బ్యాంకుకు లేదు. తెలియక గాజులు అమ్మి కట్టే కుటుంబాలు ఉండకూడదు.

అయితే బాకీని వదిలేసి ఊరుకోవడం కూడా మంచిది కాదు. ప్రతి కార్డు చెల్లింపూ సిబిల్ వంటి సంస్థల దగ్గర నమోదవుతుంది. 300 నుంచి 900 వరకు మార్కులు వేస్తారు. కార్డుమీద రెండు వేల రూపాయల బాకీని నిర్లక్ష్యం చేసినవారికి, రెండేళ్ళ తర్వాత ట్రాక్టరు రుణమో, ఇంటి రుణమో అడిగినప్పుడు అదే అడ్డం పడుతుంది. ఈ సంస్థలు ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. అందులో తన అప్పు కానిది కనిపిస్తే ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకు రు.100 వంతున పరిహారం రావాలి. ఎవరికో హామీ ఉన్న సంగతి మరచిపోయినవారికి కూడా ఈ నివేదిక గుర్తుచేస్తుంది.

వర్తకుడా, వినియోగదారుడా?

బ్యాంకుమీద ఫిర్యాదు చేయాలంటే ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఇవ్వాలి. ఫోనులో చెప్పిన మాటకు సాక్ష్యం ఉండదు. కాగితం ఇస్తే నకలుమీద బ్రాంచి ముద్ర, తేదీ వేయించుకోవాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. 2021 నవంబరు నుంచి దేశమంతటికీ ఒకే పద్ధతి ఉంది. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. కంప్యూటరు ద్వారా పంపవచ్చు, లేదా తెల్లకాగితంమీద రాసి చండీగఢ్‌లోని రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల కేంద్రానికి పోస్టులో పంపవచ్చు. 14448 నంబరుకు ఫోను చేస్తే వివరాలు చెబుతారు. ఆలస్యం చేస్తే ఫిర్యాదుకు కాలదోషం పడుతుంది.

రెండో దారి జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం బ్యాంకు ప్రధాన కార్యాలయం ముంబయిలో ఉన్నా ఫిర్యాదుదారు ఉంటున్న జిల్లాలోనే కేసు వేయవచ్చు. చెల్లించిన ప్రతిఫలం రు.5 లక్షలలోపు అయితే రుసుము లేదు. రెండేళ్ళలోగా వేయాలి.

అయితే ఇక్కడ చిరువ్యాపారి దారిలో ఒక ముల్లు ఉంది. వ్యాపార ప్రయోజనం కోసం కొన్నవారు వినియోగదారులు కారని చట్టం అంటుంది. పొట్టకూటికి స్వయం ఉపాధి చేసుకునేవారికి మినహాయింపు ఉంది. 2002 సవరణ తర్వాత పాత చట్టంలో ఈ మినహాయింపు కొన్న వస్తువులకూ, పొందిన సేవలకూ స్పష్టంగా వర్తించేది. 2019 చట్టం వివరణలో వస్తువుల మాటే ఉంది, సేవల మాట లేదు. కార్డు సేవే కనుక, ‘ఇతడు వర్తకుడు, వినియోగదారుడు కాడు’ అని బ్యాంకు వకీలు అడ్డుపుల్ల వేసే అవకాశం ఉంది. దర్జీ పని చేసుకునే మనిషినీ, వంద కోట్ల కంపెనీనీ ఒకే గాటన కట్టే ఈ లోపాన్ని పార్లమెంటు సరిచేయడం న్యాయం. అప్పటిదాకా చిరువ్యాపారి ముందుగా అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్ళడమే మేలు. అక్కడ కొట్టువాడా, కూలివాడా అన్న ప్రశ్న లేదు. బ్యాంకు సేవ పొందినవారైతే చాలు.

కార్డు ఒక్కటే దారి కాదు

పేరులో క్రెడిట్ కార్డు ఉన్నంతమాత్రాన అన్నీ ఒకటి కావు. 1998లో వచ్చిన కిసాన్ క్రెడిట్ కార్డు పంట రుణం. రు.3 లక్షల వరకు తీసుకుని గడువులోగా కట్టే రైతుకు ప్రభుత్వ రాయితీలతో ఏటికి 4 శాతమే పడుతుంది. రెండూ ఒకటేననుకుని, నెల గడువున్న కార్డుతో ఎరువులు కొని, పంట చేతికొచ్చాక కడదామనుకునే రైతు పది రెట్లకు పైగా ఎదురు పెడుతున్నాడు. ఆరు నెలల పంటకు నలభై రోజుల అరువు ఎలా సరిపోతుంది?

కొట్టు పెట్టుబడికీ అంతే. బీరువాలు, కుట్టు మిషన్లు, ఫ్రిజ్ వంటివి నెలలో డబ్బు తిరిగిరాని వస్తువులు. వాటికి కార్డు పనికిరాదు. 2015 ఏప్రిల్ 8న ప్రారంభమైన ముద్రా పథకం కింద శిశు విభాగంలో రు.50,000 వరకు, కిశోర్‌లో రు.5 లక్షల వరకు తాకట్టు లేకుండా రుణం అడగవచ్చు. మహిళలకు డ్వాక్రా సంఘం ద్వారా బ్యాంకు రుణం ఉండనే ఉంది. పట్టణాల్లో తోపుడుబండి వ్యాపారులకు 2020లో మొదలైన స్వనిధి పథకాన్ని 2025 ఆగస్టులో పొడిగించారు. తొలి విడత రు.15,000, రెండవ విడత రు.25,000, మూడవ విడత రు.50,000. రెండో విడత సక్రమంగా తీర్చినవారికి యూపీఐతో పనిచేసే రూపే క్రెడిట్ కార్డు ఇవ్వాలని నిర్ణయించారు.

ఉద్యమ్ పోర్టల్‌లో నమోదైన సూక్ష్మ పరిశ్రమలకు రు.5 లక్షల పరిమితితో ప్రత్యేక క్రెడిట్ కార్డులు ఇస్తామని, తొలి ఏడాది 10 లక్షల కార్డులు ఇస్తామని 2025 ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. ఇటువంటి కార్డు కావాలనుకునేవారు బ్రాంచికి వెళ్ళి అడిగేముందు ఉద్యమ్ నమోదు చేయించుకోవాలి. చిల్లర, టోకు వ్యాపారులు కూడా నమోదుకు అర్హులే. ప్రభుత్వ పోర్టల్‌లో ఈ నమోదుకు రుసుము లేదు. ఆధార్ ఉండాలి. దీనికి అయిదారు వందలు అడిగే నకిలీ వెబ్‌సైట్లు ఉన్నాయి. అటువంటి చోట ఒక్క రూపాయి కూడా కట్టనక్కరలేదు.